డిశ్చార్జ్ కాగితంలో ఒక్క వాక్యం చేర్చండి

సంపాదకులకు నమస్కారం.

వైరల్ ఇన్ఫెక్షన్ల తర్వాత రక్తం గడ్డకట్టడం గురించి ఇటీవల మీ ఆరోగ్యం పేజీలో ఒక వ్యాసం వేశారు. ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయొద్దని రాశారు. ఆ మాట ఎన్నిసార్లు రాసినా తక్కువే. కానీ అందులో సగం కథే ఉంది. వైరస్ వస్తుంది, గడ్డలు కట్టిస్తుంది, రక్తం పలుచబరిచే మాత్ర వేసుకుంటే సరిపోతుంది అన్నట్టు ముగించారు. ఆ గడ్డల వెనుక మన శరీరమే తన మీద తాను తయారు చేసుకునే యాంటీబాడీల పాత్ర కూడా ఉండొచ్చని ఎక్కడా లేదు. వాటి పరీక్ష ఒక్కసారి చేసి వదిలేస్తే మనిషి ఏళ్ల తరబడి లేని జబ్బు భయంతోనో, ఉన్న జబ్బు తెలియకుండానో బతకాల్సి వస్తుందన్న సంగతీ లేదు.

నేను రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఈ రిపోర్టులు రోజూ నా చేతుల మీదుగానే బయటికి వెళ్తాయి. అలాంటి రిపోర్టు ఒకటి మా అన్నయ్య పేరుతో మా ఇంటికే వచ్చింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. స్థలం చాలకపోతే కుదించండి గానీ, 12 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలన్న సంగతి మాత్రం తీసేయకండి.

ముందు అసలు విషయం. గడ్డకట్టడం శరీరానికి ఆత్మరక్షణ. దెబ్బ తగిలినప్పుడు రక్తం ఆపడానికే కాదు, లోపలికి వచ్చిన క్రిమిని ఉన్నచోటే కట్టిపడేయడానికి కూడా శరీరం దాన్ని వాడుకుంటుంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి తమ డీఎన్ఏనే దారాలుగా బయటికి విసిరి, వలలో చేపను పట్టినట్టు క్రిములను పడతాయని 2004లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ దారాలకు ప్లేట్‌లెట్లు అంటుకుంటాయి, చుట్టూ గడ్డకు పీచులా పనిచేసే ఫైబ్రిన్ అల్లుకుంటుంది. చిన్న ఇన్ఫెక్షన్‌లో ఇదంతా జరిగిపోయి, సద్దుమణిగి, మనకు తెలియను కూడా తెలియదు. ఇన్ఫెక్షన్ ముదిరితే మాత్రం రక్తనాళాల లోపలి పొర మొత్తం వాపుకు (ఇన్‌ఫ్లమేషన్‌కు) గురవుతుంది. మామూలుగా రక్తాన్ని జారిపోనిచ్చే ఆ పొరే గడ్డకట్టే రసాయనాలను పిలిచే పొరగా మారిపోతుంది. వాపు గడ్డను పెంచుతుంది, గడ్డ మళ్లీ వాపును పెంచుతుంది.

కోవిడ్ వచ్చిన మొదటి నెలల్లో నెదర్లాండ్స్ ఐసీయూల్లో ఉన్న 184 మందిని గమనిస్తే, గడ్డలు కట్టకుండా ముందుజాగ్రత్తగా మందు ఇస్తున్నా 31 శాతం మందిలో గడ్డల సమస్య కనిపించింది. ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే. చనిపోయినవారి ఊపిరితిత్తులను మైక్రోస్కోప్ కింద చూసిన మరో అధ్యయనంలో, గాలి గదుల చుట్టూ ఉండే అతి సన్నని నాళాల్లో చిన్న చిన్న గడ్డలు ఫ్లూతో చనిపోయినవారి కంటే 9 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. అది చిన్న అధ్యయనమే, రెండు వైపులా ఏడుగురేసి. అయినా ఆ ఫొటోలు చూసినవాళ్లకు ఆక్సిజన్ ఎంత పెంచినా కొందరికి ఎందుకు అందలేదో అర్థమవుతుంది. గాలి లోపలికి వెళ్తోంది, దాన్ని మోసుకుపోయే రక్తానికే దారి లేదు.

వాపు ఒక్కటే కారణం అనుకుంటే ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ 2020 ఏప్రిల్‌లో చైనా డాక్టర్లు ముగ్గురు కోవిడ్ రోగుల గురించి రాశారు. ముగ్గురికీ మెదడులో ఒకటికి మించి చోట్ల రక్తప్రసారం ఆగిపోయింది. ముగ్గురి రక్తంలోనూ యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు దొరికాయి. మా ల్యాబ్‌లలో పనిచేసేవాళ్లకు ఈ పేరు కొత్తది కాదు. ఈ యాంటీబాడీలకూ గడ్డలకూ ఉన్న సంబంధాన్ని లండన్‌లో గ్రాహమ్ హ్యూజ్ 1983లోనే వివరించారు. కణాల పైపొరలో ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు పదార్థాలు ఉంటాయి. వాటిని అంటిపెట్టుకునే కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. ఆ ప్రొటీన్లనే శత్రువనుకుని యాంటీబాడీ వచ్చి పట్టుకుంటే, దాని కిందున్న ప్లేట్‌లెట్, నాళం పొర, న్యూట్రోఫిల్ అన్నీ ఉలిక్కిపడి గడ్డకట్టే పనిలోకి దిగుతాయి. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే ఈ జబ్బు ఉన్నవాళ్లలో చిన్న వయసులోనే పక్షవాతం, కాళ్లలో గడ్డలు, పదే పదే గర్భస్రావాలు కనిపిస్తాయి.

2020 చివర్లో అమెరికాలోని మిచిగాన్ యూనివర్సిటీ బృందం ఆస్పత్రిలో చేరిన 172 మంది కోవిడ్ రోగుల రక్తం పరీక్షించింది. సగానికి కాస్త ఎక్కువమందిలో, అంటే 52 శాతం మందిలో, ఈ రకం యాంటీబాడీల్లో ఏదో ఒకటి కనిపించింది. అవి ఎక్కువగా ఉన్నవాళ్లలో న్యూట్రోఫిల్స్ మరింత చెలరేగి ఉన్నాయి, ఊపిరితిత్తులు మరింత దెబ్బతిన్నాయి, కిడ్నీల పనితీరు తగ్గింది. అంతటితో ఆగలేదు. ఆ రోగుల రక్తం నుంచి యాంటీబాడీలను వేరు చేసి ఎలుకలకు ఎక్కిస్తే, ఎలుకల సిరల్లో గడ్డలు త్వరగా పెరిగాయి. నన్ను కదిలించింది ఈ చివరి భాగమే. రక్తంలో ఒక పదార్థం కనిపించడం వేరు, అదే గడ్డను పెంచుతుందని చూపించడం వేరు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ తర్వాత ఎన్నో ల్యాబ్‌లు ఇదే పరీక్ష చేశాయి. యాంటీబాడీ ఉన్న ప్రతి ఒక్కరికీ గడ్డ కట్టలేదు. చాలామందిలో అవి తక్కువ మోతాదులోనే ఉన్నాయి, కోలుకున్నాక మాయమయ్యాయి. ఎందుకిలా అన్నదానికి కొంత సమాధానం 2022లో ఎమరీ యూనివర్సిటీ వాళ్ల పనిలో ఉంది. మామూలుగా సొంత కణాల మీదకు తిరిగే యాంటీబాడీలను తయారు చేసే కణాలను శరీరం వడపోసి పక్కన పెడుతుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో టైం లేదన్నట్టు ఆ వడపోత దాటేసి, హడావిడిగా యాంటీబాడీలు తయారవుతాయి. వాటిలో వైరస్‌ను పట్టేవీ ఉంటాయి, మనల్ని పట్టేవీ ఉంటాయి. కోలుకున్నాక చాలామందిలో ఈ రెండో రకం తగ్గిపోతుంది. కొందరిలో నిలిచిపోతుంది. ఎవరిలో తగ్గిందో ఎవరిలో నిలిచిందో ముఖం చూసి చెప్పలేం. మళ్లీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. నా ఉత్తరం సారం ఇదే.

ఆ పరీక్ష ఎలా చేస్తామో చెప్తాను. పాఠకులకు అది తెలిస్తే ఆ రిపోర్టును ఎంత నమ్మాలో కూడా తెలుస్తుంది.

నీలం మూత ఉన్న ట్యూబ్‌లో రక్తం తీస్తారు. అందులో ముందే, రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రవం ఉంటుంది. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్. గీత దాకా నిండకపోతే లెక్క తప్పుతుంది, అలాంటి ట్యూబ్ మేం వెనక్కి పంపేస్తాం. సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పి పైన తేరుకున్న ప్లాస్మా తీసి, దాన్ని మళ్లీ రెండోసారి తిప్పుతాం. ఎందుకంటే అందులో కొద్దిగా ప్లేట్‌లెట్లు మిగిలినా వాటి పైపొరలోని ఫాస్ఫోలిపిడ్ మేం వెతుకుతున్న యాంటీబాడీని తాగేసి, ఉన్నది లేనట్టు చూపిస్తుంది. తర్వాత 37 డిగ్రీల దగ్గర రీజెంట్ అనే పరీక్ష రసాయనం, కాల్షియం కలిపి గడ్డ కట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాం.

విచిత్రం ఇక్కడే. లూపస్ యాంటీకోయాగులెంట్ అనే ఈ యాంటీబాడీ ఒంట్లో గడ్డలు కట్టిస్తుంది, మా ట్యూబ్‌లో మాత్రం గడ్డ కట్టకుండా అడ్డుపడుతుంది. ట్యూబ్‌లో గడ్డ కట్టాలంటే రీజెంట్‌లోని ఫాస్ఫోలిపిడ్ కావాలి, యాంటీబాడీ వెళ్లి దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి సెకన్లు పెరుగుతాయి. పెరిగాయి కదా అని అక్కడే పాజిటివ్ రాయం. ఆరోగ్యంగా ఉన్నవారి ప్లాస్మా సమానంగా కలిపి మళ్లీ చూస్తాం. రోగి రక్తంలో గడ్డకట్టే పదార్థం ఏదైనా తక్కువై ఉంటే, ఈ కలిపిన ప్లాస్మా ఆ లోటు తీర్చేసి సెకన్లు మామూలు స్థితికి వస్తాయి. యాంటీబాడీ ఉంటే అది కొత్త ప్లాస్మానూ అడ్డుకుంటుంది, సెకన్లు తగ్గవు. అప్పుడు ఫాస్ఫోలిపిడ్ ఎక్కువ మోతాదులో పోసి మరోసారి చూస్తాం. ఇప్పుడు సెకన్లు తగ్గాయంటే యాంటీబాడీ ఉన్నట్టే. మూడు మెట్లూ ఎక్కాకే పాజిటివ్ అనాలి.

ఇంత చేసినా ఐసీయూ శాంపిల్ మమ్మల్ని మోసం చేయగలదు. గడ్డలు కట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఎక్కుతున్న మనిషి రక్తం ఎలాగూ నెమ్మదిగానే గడ్డకడుతుంది. మా రీజెంట్లలో హెపారిన్‌ను అణిచే పదార్థం ఉంటుంది గానీ దానికీ ఒక హద్దుంది. డోసు హద్దు దాటితే పరీక్ష తప్పుగా పాజిటివ్ వస్తుంది. తీవ్రమైన వాపులో రక్తంలో పెరిగే సీఆర్పీ అనే ప్రొటీన్ బాగా ఎక్కువైతే, అది కూడా కొన్ని రీజెంట్లలోని ఫాస్ఫోలిపిడ్‌ను పట్టుకుని అచ్చం యాంటీబాడీ ఉన్నట్టే చూపిస్తుంది. రక్తం పలుచబరచడానికి ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న రివరోక్సాబాన్ లాంటి మాత్రలూ అంతే. అందుకే 2006లో అంతర్జాతీయ నిపుణులు నియమాలు సవరించినప్పుడు, మొదటిసారి పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేయాలని, రెండుసార్లూ పాజిటివ్ అయితేనే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ కోసం లెక్కలోకి తీసుకోవాలని రాశారు. అంతకుముందు ఆ గడువు 6 వారాలే. ఇన్ఫెక్షన్ వల్ల తాత్కాలికంగా పుట్టిన యాంటీబాడీలు సద్దుమణగడానికి టైం ఇవ్వాలనే దాన్ని పెంచారు.

ఇక మా అన్నయ్య సంగతి. కోవిడ్ న్యుమోనియాతో ఐసీయూలో ఉన్నాడు. వెంటిలేటర్ దాకా వెళ్లలేదు, ఆక్సిజన్ మీదే గట్టెక్కాడు. మంచం మీద ఉండగానే కుడి పిక్క వాచింది. స్కాన్‌లో లోపలి సిరలో గడ్డ కనిపించింది. చూసిన డాక్టర్లు, నర్సులు ప్రాణం నిలబెట్టారు, ఆ రుణం తీరేది కాదు. నా ఫిర్యాదు వైద్యం మీద కాదు, చివర్లో చేతికిచ్చిన కాగితం మీద. అందులో పరీక్షల పట్టికలో ఒక వరుసలో లూపస్ యాంటీకోయాగులెంట్ పాజిటివ్ అని ఉంది. దాని కింద ఇంకేమీ లేదు. మళ్లీ ఎప్పుడు చేయాలి, ఎవరికి చూపించాలి, ఈ మాటకు అర్థమేమిటి, ఒక్క ముక్క లేదు. మాత్ర రాశారు, వాడుతూ ఉండమన్నారు, ఎంతకాలమో రాయలేదు.

నేను వెళ్లేసరికి అన్నయ్య ఆ వరుస కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టుకున్నాడు. ఫోన్‌లో లూపస్ అని వెతికి చదివాడట. శరీరం తన మీద తానే దాడి చేసుకునే లూపస్ జబ్బు తనకు వచ్చిందని, కిడ్నీలు పోతాయని, ఇక బతుకంతా ఇంతేనని నిర్ణయానికి వచ్చేశాడు. "ఇది పిల్లలకు కూడా వస్తుందామ్మా?" అని అడిగాడు. వదిన గుమ్మం దగ్గరే నిలబడి నా ముఖంలోకి చూస్తోంది. ఆస్పత్రి మంచం మీద కూడా అంత టెన్షన్ పడని మనిషి, ఒక్క వరుస చదివి కుంగిపోయాడు. ఆ యాంటీబాడీని మొదట లూపస్ రోగుల్లో గుర్తించారు కాబట్టి ఆ పేరు అలాగే ఉండిపోయిందని, ఆ పరీక్ష పాజిటివ్ అయినంత మాత్రాన లూపస్ ఉన్నట్టు కాదని అక్కడే కూర్చోబెట్టి చెప్పాను. ఆ ఒక్క మాట డిశ్చార్జ్ రోజు ఎవరైనా చెప్పి ఉంటే అన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపేవాడు కాదు.

తర్వాత మందుల చార్టు తీసి చూశాను. పరీక్షకు రక్తం తీసిన రోజు హెపారిన్ పూర్తి డోసులో నడుస్తోంది. సీఆర్పీ కూడా బాగా ఎక్కువగా ఉంది. ఆ రిపోర్టు తప్పని నేను అనలేను, ఒప్పనీ ఎవరూ అనలేరు. దాన్ని పట్టుకుని మనిషి జీవితాన్ని నిర్ణయించకూడదు, అంతే. రక్తసంబంధ జబ్బులు చూసే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. మాత్ర ఆపొద్దని ఆయన గట్టిగా చెప్పారు, గడ్డ కట్టిన కాలికి అది కావాల్సిందే. 12 వారాలు దాటాక, మాత్ర ప్రభావం కనిష్ఠంగా ఉండే సమయం చెప్పి ఆ వేళకే రక్తం తీయించారు. ఈసారి యాంటీకార్డియోలిపిన్, బీటా2 గ్లైకోప్రొటీన్ యాంటీబాడీల పరీక్షలు కూడా రాశారు. అవి గడ్డకట్టే సెకన్ల మీద ఆధారపడవు, కాబట్టి హెపారిన్, మాత్రలు వాటిని తారుమారు చేయవు. మూడూ నెగటివ్ వచ్చాయి. తీవ్రమైన ఇన్ఫెక్షన్, కదలకుండా పడుకోవడం వల్లే గడ్డ కట్టిందని తేల్చి, స్కాన్ చూసి, కోర్సు పూర్తయ్యాక మాత్ర ఆపించారు.

అందరికీ ఇలాగే అవుతుందని రాయను. రెండోసారి కూడా మూడూ పాజిటివ్ వచ్చిన రిపోర్టులు నా చేతులతోనే టైప్ చేశాను. వాళ్లకు మందు ఆపడం ప్రమాదం. పైగా ఏ మందన్నది కూడా ముఖ్యమే. మూడు పరీక్షలూ పాజిటివ్ అయినవారిలో రివరోక్సాబాన్‌ను పాతకాలపు వార్ఫరిన్‌తో పోల్చిన ఇటలీ అధ్యయనాన్ని, రివరోక్సాబాన్ వాడేవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువవుతున్నాయని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. అంటే రెండో పరీక్ష చేయించకపోతే ఒకరు అక్కర్లేని మందు ఏళ్ల తరబడి మింగుతారు, మరొకరు సరిపోని మందు మీద భరోసా పెట్టుకుంటారు. రెంటికీ కారణం ఆ ఖాళీ వరుసే.

సొంత శరీరం మీదకే తిరిగే యాంటీబాడీల్లో (ఆటోయాంటీబాడీల్లో) మరో రకం గురించి కూడా రాయాలి. ఇవి ఇన్ఫెక్షన్ వల్ల పుట్టేవి కావు, ముందునుంచే ఒంట్లో ఉండేవి. వైరస్ సోకిన కణం పక్క కణాలను హెచ్చరించడానికి ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తుంది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ దాన్ని కనుక్కున్నారు. కొందరిలో ఆ ఇంటర్‌ఫెరాన్‌నే పట్టి పనిచేయకుండా చేసే యాంటీబాడీలు ఉంటాయి. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి చెందిన కాసనోవా బృందం 2020లో ప్రచురించిన లెక్క ఇది: ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది కోవిడ్ రోగుల్లో 101 మందిలో ఇవి ఉన్నాయి. లక్షణాలు లేకుండానో స్వల్పంగానో వచ్చిపోయిన 663 మందిలో ఒక్కరిలోనూ లేవు. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. ఆరోగ్యవంతుల్లో 70 ఏళ్లు దాటాక ఇవి పెరుగుతాయని, ప్రాణాపాయంలో పడ్డ 80 దాటినవారిలో సుమారు 20 శాతం మందిలో ఉన్నాయని మరుసటి ఏడాది తేలింది. తర్వాత ప్రాణాంతకమైన ఫ్లూ న్యుమోనియాలో సుమారు 5 శాతం మందిలోనూ, వెస్ట్ నైల్ వైరస్ మెదడుకు సోకినవారిలో మూడో వంతుకు పైగా రోగుల్లోనూ ఇవే బయటపడ్డాయి.

ఇవి నేరుగా గడ్డ కట్టించవు. కానీ తొలి రోజుల్లో హెచ్చరిక అందకపోతే వైరస్ అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది, శరీరం ఆలస్యంగా మేల్కొని ఉన్న బలమంతా ఒక్కసారి వాడేస్తుంది, నేను పైన రాసిన వాపూ గడ్డా అప్పుడు మొదలవుతాయి. ఈ పరిశోధన గురించి మీ పేజీలో తప్పక రాయాలని నేను కోరడానికి మరో కారణం ఉంది. ఒకే ఇంట్లో అందరికీ సోకి, ఒక్క పెద్దాయనే కొద్ది రోజుల్లో దూరమైన కుటుంబాలు ఎన్నో. మేం ఒక రోజు ముందు తీసుకెళ్లి ఉంటే, మేం బయటికి పోకుండా ఉంటే అని వాళ్లు ఇప్పటికీ తమను తామే తప్పుపట్టుకుంటున్నారు. ఆయన ఒంట్లో వైరస్ రాకముందే ఇలాంటి లోపం ఉండి ఉండొచ్చని, అది ఎవరి నిర్లక్ష్యమూ కాదని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

మీ వ్యాసంలోని మాత్ర సలహా గురించి మాత్రం గట్టిగానే అభ్యంతరం చెప్తున్నాను. ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతివారూ రక్తం పలుచబరిచే మాత్ర వేసుకుంటే మంచిదన్న అర్థం అందులో వచ్చింది. పెద్ద పెద్ద అధ్యయనాలు అలా చెప్పడం లేదు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆస్పత్రిలో చేరినా ఐసీయూ అవసరం లేని కోవిడ్ రోగులకు హెపారిన్ పూర్తి డోసు కొంత మేలు చేసింది. అదే డోసు అప్పటికే ఐసీయూలో ఉన్నవారికి మేలు చేయలేదు. ఇంట్లోనే ఉండి స్థిమితంగా ఉన్నవారికి ఆస్పిరిన్‌గానీ, రక్తం పలుచబరిచే అపిక్సాబాన్‌గానీ ఇస్తే ప్రయోజనం కనిపించలేదు. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ సుమారు 15 వేల మంది ఆస్పత్రి రోగుల్లో ఆస్పిరిన్ పరీక్షించి, మరణాలు తగ్గలేదని, రక్తస్రావాలు మాత్రం కాస్త పెరిగాయని చెప్పింది. వాపును తగ్గించే డెక్సామెథసోన్ విషయంలోనూ అదే ట్రయల్ 2020లో ఇలాంటి తేడానే చూపింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అక్కర్లేనివారికి ఏ లాభమూ లేదు. ఒకే మందు, ఒకే జబ్బు, ఏ దశలో ఇచ్చామన్నదే తేడా.

ఒకే వైరస్‌లోనే ఇంత తేడా ఉంటే, వైరస్ మారితే చెప్పనక్కర్లేదు. డెంగీలో వైరస్‌కు చెందిన ఎన్ఎస్1 ప్రొటీన్ మీద తయారైన యాంటీబాడీలు కొన్ని మన ప్లేట్‌లెట్లను, రక్తనాళాల పొరను కూడా పట్టుకుంటాయని ల్యాబ్‌లో చూశారు. ఇక్కడ కూడా సొంత కణాల మీదకు తిరిగిన యాంటీబాడీలే, కానీ ప్రమాదం వేరు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, నాళాల నుంచి ద్రవం కారిపోతుంది, రక్తస్రావం అవుతుంది. ఆ స్థితిలో గడ్డలు కట్టకూడదని ఆస్పిరిన్ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. ఏ జ్వరమో తేలకముందే మీ వ్యాసం చదివి ఒక్కరు మాత్ర మింగినా నష్టమే.

ఇంకో రకం మరీ అరుదైనది. ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే పీఎఫ్4 అనే ప్రొటీన్ మీద యాంటీబాడీలు పుడితే, ప్లేట్‌లెట్లు పడిపోవడం, గడ్డలు కట్టడం రెండూ ఒకేసారి జరుగుతాయి. 2021లో, జలుబు తెచ్చే అడినోవైరస్‌ను వాహకంగా వాడి చేసిన కోవిడ్ టీకాల తర్వాత లక్షల్లో కొద్దిమందికి ఇది వచ్చినప్పుడు ప్రపంచమంతా చర్చ జరిగింది. టీకాతో సంబంధం లేకుండా, మామూలు అడినోవైరస్ ఇన్ఫెక్షన్ తర్వాత కూడా ఇదే జబ్బు రావొచ్చని 2023లో అమెరికా, కెనడా డాక్టర్లు రాశారు. అంతగా ఆ వార్త ఎవరికీ చేరలేదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న మనిషికి గడ్డ కూడా కనిపిస్తే డాక్టర్లు ఈ యాంటీబాడీ కోసం వెతకాలి, ఎందుకంటే ఇందులో మామూలుగా ఇచ్చే హెపారిన్‌కు దూరంగా ఉంటారు.

ఇక నా కోరికలు. ఇన్ఫెక్షన్ సమయంలో ఈ యాంటీబాడీల పరీక్ష చేసి పాజిటివ్ వస్తే, డిశ్చార్జ్ కాగితంలో ఒక వాక్యం రాయమని డాక్టర్లను వేడుకుంటున్నాను: ఫలానా తేదీ తర్వాత మళ్లీ చేయించాలి, అప్పటిదాకా మందు ఆపవద్దు. తేదీ అంకెల్లో ఉండాలి. 12 వారాల తర్వాత అని రాస్తే జ్వరం నుంచి లేచిన మనిషి లెక్క పెట్టుకోలేడు. రోగి ఇంట్లోవాళ్లు ఆ వాక్యం లేకపోతే అడిగి రాయించుకోవాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఇంటికి వెళ్లాక కూడా కొంతకాలం జాగ్రత్త అవసరమే. స్వీడన్‌లో పది లక్షల మందికి పైగా కోవిడ్ సోకినవారి రికార్డులు చూసి, కాళ్లలో గడ్డల ముప్పు 3 నెలల దాకా, ఊపిరితిత్తుల్లో గడ్డల ముప్పు 6 నెలల దాకా ఎక్కువగా ఉందని 2022లో ప్రకటించారు. రక్తస్రావం ముప్పు కూడా 2 నెలల పాటు పెరిగింది. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, మెట్లు ఎక్కకుండానే ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా ఆ గడువులో వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. డి-డైమర్ ఒక్కటే చూసుకుని ఇంట్లో భయపడుతూ కూర్చోవద్దు. అది గడ్డ కరిగినప్పుడు వచ్చే ముక్కల కొలత. వాపులోనూ, గర్భంలోనూ, వయసు మీద పడ్డా పెరుగుతుంది. ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు.

మీ పేజీకి ఒక సూచన. రక్తం గడ్డకట్టే పరీక్షల గురించి మళ్లీ రాసేటప్పుడు, మా దగ్గరికి వచ్చే ఫారంలోని ఒక గడి గురించి కూడా రాయండి. రోగి రక్తం పలుచబరిచే మందు వాడుతున్నారా, ఏ మందు, ఆఖరి డోసు ఎన్ని గంటలకు అని అడిగే గడి అది. ఎక్కువ ఫారాల్లో అది ఖాళీగానే వస్తుంది. వార్డుకు ఫోన్ చేసి కనుక్కుని మేమే నింపుకుంటున్నాం. ఎవరూ ఎత్తకపోతే రిపోర్టు కింద, మందు వివరాలు తెలియవు, జాగ్రత్తగా అన్వయించుకోవాలి అని రాసి పంపుతున్నాం. శాంపిల్ ఇచ్చేటప్పుడు మీ మందుల చీటీ కూడా తీసుకెళ్లి, రక్తం తీసే వ్యక్తికి చూపించి ఆ గడి నింపించమని పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే ఒక టెక్నీషియన్